నాలుగు మడతల చీటీ

అక్క పోయిన రోజున ముప్పై ఎనిమిదో బండి వెనక తలుపు సరిగ్గా పడలేదు. పడటానికి పడింది కాని, చప్పుడు ముగియాల్సిన చోట ముగియకుండా చివర చిన్న తోక మిగిల్చింది. వచ్చి వినమని కార్ల ఫ్యాక్టరీలో లైను పెద్ద కబురు పంపాడు. చెల్లెలు చిన్నక్క వెళ్లింది. తలుపు తెరిచి వేసి, తెరిచి వేసి, తాళం కొక్కేన్ని గోరంత పైకి జరిపించి, ఆ తోక తెగేదాకా అక్కడే ఉంది. ఆ ముప్పావు గంటలో అక్క తన చెల్లెలు లేకుండానే నలభై ఒకటో బండి ఎక్కి, గతుకుల బాట మీద మూడు చుట్లు తిరిగి, దిగి, చీటీ రాసి, మడిచి, డబ్బాలో వేసి, బూట్లు విప్పుకోవడానికి విశ్రాంతి గదిలో బల్ల మీద కూర్చుంది. ఒక బూటు విప్పింది. రెండోది ఆసుపత్రిలో ఎవరో విప్పారు. గుండె అన్నారు. చిన్నక్క ఈ సంగతిని తనలో తాను ఎప్పుడు చెప్పుకున్నా ఇదే వరసలో చెప్పుకుంటుంది: తలుపు, కొక్కెం, బాట, చీటీ, బూటు. వరస మారిస్తే ఏమైనా మారుతుందేమోనని ఒకటి రెండు రోజులు మార్చి చూసింది. మారలేదు. ఆ ప్రయత్నం మానేసింది.

ఇప్పుడు మధ్యాహ్నం మూడు దాటింది, అది జరిగి పంతొమ్మిది రోజులైంది, ఆమె అదే నలభై ఒకటో బండిలో డ్రైవరు పక్క సీట్లో కిటికీ అద్దాలు ఎక్కించుకుని కూర్చుని ఉంది. నడిపే బాబాయి ఇంకా రాలేదు. చొక్కా జేబులో అక్క చీటీ ఉంది. పొద్దున మేనేజరు డబ్బా తాళం తీయించి చీటీని ఆమె చేతిలో పెట్టాడు, రెండు చేతులతోనూ పెట్టాడు. ఆమెకంటే పన్నెండేళ్లు చిన్న, మంచివాడే, అడగాల్సింది అడగడానికి కూడా మొహమాటపడతాడు. షెడ్డు తలుపులోంచి యార్డు కనిపిస్తోంది, యార్డులో నాలుగు వందల పన్నెండు పిచ్చుకలు వరసలు కట్టి నిలబడి ఉన్నాయి. అమ్మకాల వాళ్లు ఈ బండికి ఏదో పేరు పెట్టారు, గోడల నిండా బొమ్మలు కూడా అంటించారు, కాని మొదటి నమూనాని మట్టిరంగు గుడ్డ కప్పి తెచ్చిన రోజునే లైనులో ఎవరో పిచ్చుక అన్నారు, ఇక దాన్ని ఇంకో పేరుతో పిలవడానికి ఎవరి నోరూ తిరగలేదు. పిచ్చుకలన్నిటికీ ముందద్దం మీద పసుపు కాగితం, దాని మీద 'ఆపు' అని ఒకే మాట. చిన్నక్క సంతకం పెడితే పసుపు కాగితాలు పీకి తెల్లవి అంటిస్తారు. కంచె అవతల పన్నెండు ట్రైలర్లు ఇంజన్లు ఆపుకుని కాచుకుని ఉన్నాయి. ఈరోజు తొంభై ఆరు బండ్లు రేవుకి పోవాలి, మిగతావి వచ్చే నాలుగు రోజుల్లో. ఈరోజు పోకపోతే ఓడలో ఆ చోటు వేరే వాళ్లకి ఇచ్చేస్తారు, మళ్లీ ఓడ వచ్చేసరికి ఆరు వారాలు. మేనేజరు ఇదంతా నెమ్మదిగానే చెప్పాడు. చివర మాత్రం నేల చూస్తూ అన్నాడు.

"చిన్నక్కా, నేను తొందరపెట్టడం లేదు. కాని నాలుగున్నరకి ట్రైలర్లు కదలాలి. ఆ చీటీ విప్పండి, ఏముంటే అది సరిచేద్దాం. లేదా ఏమీ వినిపించలేదని మీరు సంతకం పెట్టండి. రెంటిలో ఏదో ఒకటి."

రెండూ కుదరవని ఆమె అంది. ఎందుకు కుదరవో అతనికీ తెలుసు. ఇంతకుముందటి బండి రోజుల్లో, దాన్ని గంప అనేవాళ్లు, ఈ చీటీల పద్ధతి లేదు. బండి ఎక్కి విన్నవాళ్లు దిగి చెప్పేవాళ్లు, అంతే. ఒకరోజు అక్క గంపలోంచి దిగుతూ పైకప్పులో ఏదో లొడలొడమంటోంది చూడండి అంది. తర్వాత ఎక్కిన పదకొండు మందికీ పైకప్పులోనే వినిపించింది. ఒకడు ముందు భాగంలో అన్నాడు, ఇంకొకడు కాదు నడి నెత్తిన అన్నాడు, చిన్నక్క కూడా కళ్లు మూసుకుని వేలితో చోటు చూపించింది, ఇదిగో ఇక్కడే అని, ఒట్టు వేసినంత గట్టిగా. రెండు రోజులు కూర్చుని మూడు బండ్ల పైకప్పులు ఊడదీశారు. మూడో రోజు బాబాయి తలుపు జేబులో చెయ్యి పెడితే పెన్ను తగిలింది. మూత మీద కొరికిన గుర్తులున్నాయి. ఆ పళ్లు ఎవరివో అందరికీ తెలుసు. అక్క సిగ్గుపడలేదు, నవ్వనూ లేదు. పెన్నుని బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. నేను నోరు తెరవకుండా ఉంటే మీలో ఒక్కరైనా సరైన చోట విని ఉండేవాళ్లు అంది. మర్నాడు ఇంటినుంచి బిస్కెట్ల డబ్బా తెచ్చి, మూతకి చీలిక పెట్టించి, తాళం వేయించి, షెడ్డు గోడకి కొట్టించింది. బండికి ఇద్దరు వినాలి. లోపల మాట్లాడకూడదు, తల తిప్పి చూసుకోకూడదు. దిగాక ఎడంగా నిలబడి ఎవరి చీటీ వాళ్లు రాయాలి. రెండూ పడ్డాకే డబ్బా తెరవాలి. ఏమీ వినిపించకపోతే చీటీని ఒక్కసారి మడవాలి, వినిపిస్తే రెండుసార్లు, అలా అయితే చీలికలోంచి తొంగిచూసి బండిని షెడ్డులో ఉంచాలో యార్డుకి పంపాలో విప్పకుండానే తెలుస్తుంది. మొదట్లో అందరూ ఇదేం పిల్లలాట అన్నారు. ఆ ఏడాది ఒక్క పైకప్పూ ఊడదీయలేదు.

జేబు మీద చెయ్యి వేస్తే తెలుస్తూనే ఉంది. చీటీ దళసరిగా ఉంది, రెండుసార్లు మడిచిన నాలుగు మడతలు. అంటే ఇందులో ఏదో ఉంది. ఏమీ వినిపించలేదని తను రాస్తే అది అబద్ధం కాదు, నిజంగానే వినిపించడం లేదు, పదిహేను రోజులనుంచి ఈ బండిని తిప్పిస్తోంది, పక్క బండ్లని తిప్పిస్తోంది, అరవై బండ్లు విన్నది, ఏమీ లేదు. కాని అక్కకి వినిపించింది, అక్క రెండుసార్లు మడిచింది. అక్క చీటీ విప్పి చదివాక బండి ఎక్కితే అక్కకి వినిపించిందే తనకీ వినిపిస్తుంది, ఉన్నా లేకపోయినా వినిపిస్తుంది, ఇప్పుడు అక్క ఏం చెప్పినా వినడానికి తన చెవి ఎంత ఆత్రంగా ఉందో తనకి తెలుసు. అలాంటి చెవి పనికిరాదు. చీటీ విప్పడమా మానడమా అన్న ప్రశ్న పంతొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా ఆమెను వేధించలేదు. వినాలి, రాయాలి, తర్వాత విప్పాలి. వినగలదు. ఆ సంగతి అక్క చెప్పింది, అక్క ఊరికే మెచ్చుకునే మనిషి కాదు.

అసలు మెచ్చుకోవడమే తెలియని మనిషి. ఏమే చెవిటిదానా అని పిలిచేది, నలభై ఏళ్లు అదే పిలుపు. చిన్నప్పుడు వాళ్లది రెండో అంతస్తులో ఇల్లు, మెట్ల పక్క గది వీళ్లది. సాయంత్రం లెక్కలు చేసుకుంటూ మెట్ల మీద ఎవరు వస్తున్నారో చెప్పుకునే ఆట ఆడేవాళ్లు, అక్క ఎప్పుడూ ఓడేది కాదు. నాన్న మూడో మెట్టు దాటేస్తాడు, లెక్కపెట్టు అనేది. అమ్మ మలుపు దగ్గర సంచీ దింపి చెయ్యి మార్చుకుంటుంది, మధ్యలో ఆగిందంటే అమ్మే. పైఇంటి ముసలాయన ఎక్కేటప్పుడు గొంతు సవరించుకోడు, దిగేటప్పుడే సవరించుకుంటాడు, ఎందుకో చెప్పు చూద్దాం. చిన్నది ఏమీ చెప్పలేకపోయేది. దానికి తోడు గిన్నెలు కడగమని అమ్మ పిలిచినప్పుడల్లా దీనికి వినపడేది కాదు, తినడానికి పిలిస్తే మాత్రం వీధి చివరనుంచైనా వినపడేది, అందుకని చెవిటిది అయింది. పెళ్లిళ్లయ్యాక కూడా బావ ముందు, మరిది ముందు అదే పిలుపు. ఫ్యాక్టరీలో మాత్రం అనేది కాదు. ఫ్యాక్టరీలో వాళ్లు పెద్దక్క, చిన్నక్క, అక్కడ అక్క ఆమెను మీరు అని కూడా అనేది, నలుగురిలో ఉన్నప్పుడు. ఆ మీరు వింటే చిన్నక్కకి నవ్వు ఆగేది కాదు.

మొదటిసారి అక్క తనని బండి ఎక్కించిన రోజు. ఏం వినిపిస్తోందే అని అడిగింది. ఇంజను, చక్రాలు, గాలి అంది తను. అవి బండి మాట్లాడే మాటలు, వాటిని పక్కన పెట్టు, వాటి వెనక ఎవరో గొణుగుతున్నారు, ఆ గొణిగేదాన్ని విను అంది అక్క. వారం పట్టింది. ఎనిమిదో రోజున ముందు సీటు ఎదుటి పెట్టె మూత కింద రెండు ప్లాస్టిక్ అంచులు ఒకదాన్నొకటి రాసుకోవడం, ఎవరో పక్కగదిలో కాగితం నలిపినట్టు, స్పష్టంగా వినిపించింది. చెప్పింది. అక్క ఆ రోజు మధ్యాహ్నం తన డబ్బాలోంచి పండు ముక్క తీసి ఇటు జరిపింది. అంతే. అదే అక్క పెట్టిన సంతకం.

బయటివాళ్లు బండి తయారవడమంటే ఒక చివర ఇనుము వేస్తే ఇంకో చివర బండి వస్తుందనుకుంటారు. అలా ఉండదు. మొదట చేత్తో చేసిన నమూనాలు, అవి ఒకదానిలా ఒకటి ఉండవు. తర్వాత అసలు లైను మీదనే నత్తనడకన చేసే మొదటి ముప్పై. వాటిని ఎవరికీ అమ్మరు. కొన్నిటిని గోడకేసి కొడతారు, కొన్నిటిని ముక్కముక్కా విప్పి బల్లల మీద పరుస్తారు, కొన్నిటి మీద లైనువాళ్లు చెయ్యి తిప్పుకుంటారు, ఏ బోల్టు ఏ చేత్తో పట్టుకుంటే వంగకుండా అందుతుందో తేల్చుకుంటారు. ముప్పై ఒకటో దానినుంచి అమ్మే బండ్లు. అమ్మేవే అయినా వెంటనే గేటు దాటనివ్వరు. యార్డులో నిలబెట్టి, జల్లు కింద పెట్టి, ఎండకి వదిలి, తలుపులు వేసి వేసి, రాళ్లు పరిచిన గతుకుల బాట మీద తిప్పి, ఒకదానిలో దొరికిన తప్పు లేదని తేలేదాకా అన్నిటిలోనూ ఉందనే అనుకోవాలి. బడికి పంపే ముందు పిల్లకి జడ వేసి, గోళ్లు చూసి, చెవుల వెనక తుడిచి, మళ్లీ ఒకసారి వెనక్కి తిప్పి చూసినట్టు. బండి ఒకసారి ట్రైలరెక్కిందంటే ఎవరి ఇంటిముందు ఆగుతుందో, ఎవరు ఎక్కుతారో, వెనక సీట్లో ఎవరు నిద్రపోతారో ఇక్కడ ఎవరికీ తెలియదు. అందుకే ఈ యార్డు. అందుకే పసుపు కాగితం. నిన్న బావ ఫోను చేశాడు. ఆ బూట్లు తలుపు దగ్గరే ఉన్నాయి, ఏం చెయ్యమంటావమ్మా అన్నాడు. ఉండనివ్వండి బావా అంది. పిచ్చుకలు పంపేశాక వస్తానంది.

బాబాయి వచ్చాడు. వరసకి ఎవరికీ బాబాయి కాదు, అందరికీ బాబాయే. ఇరవై ఏళ్లు లారీలు తోలి ఒక చెవి అక్కడే దిగబెట్టి వచ్చానంటాడు. అందుకే అక్క ఏరి కోరి ఈయన్ని పెట్టుకుంది, ఏమీ వినపడని మనిషైతే ఏమీ చెప్పడు కదా అని. బాబాయి ఎక్కే ముందు వెనక తలుపు తెరిచి, చంకలోంచి బూడిదరంగు చిన్న దిండు తీసి తన సీటు వెనక మూలలో పెట్టాడు, మెత్తగా ఒకసారి తట్టాడు, తలుపు వేశాడు. అది అక్క దిండు. నడుము నొప్పికి ఆనించుకునేది. అక్క ఎప్పుడూ ఆ మూలనే కూర్చునేది, చిన్నక్క ముందు, అక్క వెనక. పదిహేను రోజులుగా ఏ బండి తీసినా బాబాయి ముందు ఆ దిండు పెడతాడు. పెట్టమని ఎవరూ చెప్పలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు. లైనునుంచి విందామని వచ్చినవాళ్లు తలుపు తెరిచి దిండు చూసి, తలుపు మూసి, చుట్టూ తిరిగి వచ్చి రెండో మూలలో సర్దుకుని కూర్చునేవాళ్లు. మేనేజరు కూడా అంతే.

"పోదామా అమ్మాయ్."

పోయారు. గతుకుల బాట షెడ్డు వెనకనుంచి మొదలై గోడ వెంట పోయి తిరిగి వస్తుంది. మొదటి వరస గుండ్రాళ్లు, రెండో వరస అడ్డంగా పరిచిన దిమ్మెలు, మూడోది అలల్లా పోసిన సిమెంటు. ఆమె కళ్లు మూసుకుంది. ఇంజను పక్కన పెట్టింది, చక్రాలు పక్కన పెట్టింది, బాబాయి ఊపిరి పక్కన పెట్టింది. వాటి వెనక ఏమీ లేదు. శుభ్రంగా ఉంది, ఊడ్చిన గదిలా ఉంది. ఆ శుభ్రమే ఆమెకు నచ్చలేదు. అక్క లేనప్పటినుంచి ప్రతి బండీ ఇలాగే ఉంటోంది, అరవై బండ్లూ ఇంత నోరు మూసుకుని ఉండవు, కొత్తబండి ఏదో ఒకటి గొణగాలి. నా చెవి పోయిందా అనుకుంది. లేదు, ముప్పై ఎనిమిదో బండి తలుపు తోక విన్న చెవే ఇది, నిన్న పక్క షెడ్డులో గాలి గొట్టం కారడం విన్న చెవే. చెవి బాగానే ఉంది. మరి బండిలో ఏం మారింది. మూడు చుట్లూ అయ్యాయి. షెడ్డు నీడలో బాబాయి బండి ఆపాడు. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

వరసలో మొదటి ట్రైలరు డ్రైవరు కంచె తలుపు తోసుకుని వచ్చాడు. భారీ మనిషి, నడిస్తే భుజాలు ముందు వస్తాయి, మనిషి తర్వాత వస్తాడు. సంతకమైందామ్మా అని అడిగాడు. కాలేదంది. మీరు వింటూ కూర్చోండి, మాకేం, నీడ బాగుంది అన్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, పైకప్పు మీద అరచెయ్యి ఆనించి, ఎక్కించేది నేను, తాళ్లు బిగించేది నేను, రేవులో దింపేది నేను, ఇన్నేళ్లలో ఒక్క బండిలోనూ హాయిగా వెనక కూర్చుని ఎరగను, ఒక చుట్టు తిప్పుతారా అన్నాడు. ఆమె తల ఊపేలోపే వెనక తలుపు తెరిచాడు, ఒక కాలు లోపల పెట్టాడు.

"అక్కడ కాదయ్యా," బాబాయి అన్నాడు. "ఆ పక్కకి రా."

"ఏం, ఇక్కడ ఎవరైనా వస్తారా?"

బాబాయి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అద్దంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఎవరైనా వస్తారా అన్న మాట చిన్నక్కలో ఎక్కడో పడి, ముప్పై ఎనిమిదో బండి తలుపు మొదట్లో పడినట్టు, చివర చిన్న తోక మిగిల్చింది. ఎవరూ రారు. పంతొమ్మిది రోజులుగా అక్కడ ఎవరూ కూర్చోలేదు. ఏ బండిలోనూ కూర్చోలేదు. అరవై బండ్లు, మూడేసి చుట్లు, ముందు మనుషులు, పక్క మూలలో మనుషులు, డిక్కీలో ఇసుక బస్తాలు, ఆ ఒక్క మూలలో మాత్రం దూదిదిండు. తామందరూ కలిసి, ఎవరూ ఎవరికీ చెప్పకుండా, ఆ మూల బరువు తీసేశారు. మర్యాద అనుకున్నారు. తనూ అనుకుంది.

"కూర్చోనివ్వండి బాబాయ్."

"అమ్మాయ్..."

"దిండు నాకివ్వండి."

దిండు చేతికి వచ్చింది. ఒడిలో పెట్టుకుంది. అంత తేలిగ్గా ఉంటుందని అనుకోలేదు. వెనక సీటు ఆ మనిషి బరువుకి మూలిగి సర్దుకుంది. రేడియో పాడుతుందా అని అడిగాడు అతను. లోపల మాట్లాడకూడదని చెప్పింది. ఊపిరి పీల్చొచ్చా అన్నాడు. నెమ్మదిగా అంది. బాబాయి బండి కదిలించాడు.

మొదటి వరస గుండ్రాళ్లు. ఏమీ లేదు. ఆమె ఇంజను పక్కన పెట్టింది, చక్రాలు పక్కన పెట్టింది, భారీ మనిషి ఊపిరి పక్కన పెట్టింది, అది పక్కన పెట్టడానికి కాస్త చోటు ఎక్కువ పట్టింది. రెండో వరస దిమ్మెలు. ఒకటి, రెండు, మూడు, అప్పుడు టిక్. గోటితో కప్పు అంచు మీద కొట్టినట్టు. మళ్లీ దిమ్మె, మళ్లీ టిక్. తల తిప్పలేదు. తిప్పకూడదు. తిప్పితే కన్ను వింటుంది, చెవి చూస్తూ ఊరుకుంటుంది అని అక్క కసిరేది. వెనక, కింద, బాబాయి వీపు వెనక, సీటుకి నేలకి మధ్య. ఇనుము మీద ఇనుము కాదు, ఇనుము మీద ఇంకేదో పలచనిది, దాని కింద ఇనుము. అలల మీద ఆగిపోయింది, మళ్లీ చుట్టులో దిమ్మెల దగ్గర మొదలైంది, అదే చోట, అదే లెక్కన, మెట్ల మీద మూడోది దాటేసి ఎక్కి వస్తున్న మనిషిలా. వినిపిస్తోంది. ఎవరూ చెప్పకుండా వినిపిస్తోంది. మూడు చుట్లూ వింది. ఇంక చాలన్నా బాబాయి మూడూ తిప్పేవాడే, మూడు చుట్లంటే మూడు చుట్లు, అది అక్క పద్ధతి.

దిగి, దిండు బల్ల మీద పెట్టి, గోడవైపు తిరిగి ఎడంగా నిలబడి రాసింది. పక్కన ఇంకొకరు రాసుకుంటూ ఉండాల్సిన చోటు వదిలే నిలబడింది. రెండుసార్లు మడిచింది. జేబులోంచి అక్క చీటీ తీసి, రెంటినీ డబ్బాలో వేసి, మేనేజరుకి కబురు పంపింది. అతను దాదాపు పరుగున వచ్చాడు. అవే చీటీలు అయిదు నిమిషాల క్రితం ఆమె చేతిలోనే ఉన్నాయని అతనికి తెలుసు, అయినా తాళం తీసి, డబ్బాలో చెయ్యి పెట్టి, ముందు ఆమెది విప్పి పైకి చదివాడు.

"డ్రైవరు వెనక మూల, సీటు కింద. దిమ్మెల మీద టిక్. మనిషి బరువుంటేనే."

తర్వాత రెండోది విప్పాడు. మడతలు గట్టిపడి ఉన్నాయి, చించకుండా విప్పడానికి కొంచెంసేపు పట్టింది. సరిపోతుందని ఆమెకు తెలుసు, అతని మొహం చూడాల్సిన పని లేదు, అందుకని యార్డు వైపు చూసింది. పసుపు కాగితాల మీద ఎండ పడుతోంది. అతను చదవడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, చీటీ ఆమెకే ఇచ్చేశాడు. అక్క అక్షరాలు ఎప్పట్లాగే పైకి ఎగబాకుతూ ఉన్నాయి.

"నా మూల, సీటు కింద. దిమ్మెల మీద. నేను కూర్చుంటేనే. చెవిటిదానికి కూడా వినపడుతుంది."

ఆమె రెండుసార్లు చదివింది. చిన్నక్కా అన్నాడు మేనేజరు.

"పంతొమ్మిది రోజులు పట్టింది," అంది ఆమె. "సీటు తీయించండి."

తీశారు. సీటుని నేలకి పట్టి ఉంచే కమ్మీ ఆ మూలలో వేలెడు పొడుగు ఎక్కువుంది. ఖాళీగా ఉన్నప్పుడు దేనికీ తగలదు. మనిషి కూర్చుంటే కిందికి దిగి, నేల మీద పోయే తీగెల కట్ట తొడుగుని తాకుతోంది, తాకిన చోట నల్లటి తొడుగు మీద సన్నటి మెరిసే గీత పడింది. నాలుగు వందల చుట్లకో నాలుగు వేల చుట్లకో ఆ గీత లోపలి తీగె దాకా పోతుంది. అప్పటికి బండి ఎవరి ఇంటిముందో ఉంటుంది. పక్క బండి సీటు తీస్తే కమ్మీ అలాగే ఉంది, దాని పక్కదీ అంతే. తొడుగు మీద దళసరి గుడ్డపట్టీ అరచేతి పొడుగున చుట్టి, కమ్మీ కొనని లోపలికి వంచితే చాలు. చిన్నక్క ఒక బండికి తనే చేసి చూసింది. రెండు నిమిషాలు. ఈరోజు పోయేవి తొంభై ఆరు, ఎనిమిది మంది ఉంటే అరగంటకి లోపే. మేనేజరు లెక్క వేసుకునేలోపే లైను పెద్ద పదిమందిని పట్టుకొచ్చాడు. సరిచేసిన మొదటి బండి ఎక్కాలి కదా, ఎవరు కూర్చుంటారు వెనక అని బాబాయి అడిగాడు, అడుగుతూ ట్రైలరు డ్రైవరు వైపు చూశాడు. నాకిక జీతం ఇక్కడే ఇస్తారేమో అంటూ అతను ఎక్కేశాడు, ఈసారి ఊపిరి సంగతి అడగలేదు. మూడు చుట్లు. గుండ్రాళ్లు, దిమ్మెలు, అలలు. టిక్ లేదు. దాని వెనక, చాలా వెనక, ముందు పెట్టె మూత దగ్గర ఏదో ఒక్క అంచు సన్నగా గొణుగుతోంది, ఉండాల్సినంతే. బండి మాట్లాడుతోంది. ఆమెకు ధైర్యంగా ఉంది.

నాలుగూ ఇరవైకి సంతకం పెట్టింది. పత్రంలో రెండు గడులుంటాయి, విన్నవాళ్లు ఇద్దరికీ. మొదటి గడిలో తన సంతకం, రెండో గడిలో అక్క చీటీని గుండుసూదితో గుచ్చింది. ఇలా చెయ్యొచ్చా అని మేనేజరు అడగలేదు. వినే నియమాల కాగితం చివర ఖాళీ చూసి ఒక వాక్యం రాసింది, అన్ని సీట్లలోనూ మనుషులు కూర్చోవాలి అని. పసుపు కాగితాలు ఒక వరస వెంట ఊడిపోతూ వచ్చాయి. మొదటి ట్రైలరు ఎనిమిది పిచ్చుకలని వీపున వేసుకుని గేటు దాటుతూ హారన్ కొట్టింది, బాబాయి వినపడని చెవి వైపు చెయ్యి పెట్టుకుని ఏమంటున్నాడు అని అడిగాడు. వెళ్లొస్తానంటున్నాడు అని ఆమె చెప్పింది. దిండు ఇంకా బల్ల మీదే ఉంది. దాన్ని బావకి ఇవ్వాలి, బూట్ల పక్కన పెట్టుకుంటాడు.

షెడ్డు లోపలి మూలలో ఇంకో బండి ఉంది, మొన్ననే వచ్చింది, నీలం గుడ్డ కప్పి ఉంది, దానికి ఎవరూ పేరు పెట్టలేదు. వచ్చే నెల మొదటి ముప్పై మొదలవుతాయి. వాటిలో వెనక మూలన కూర్చుని రెండో చీటీ రాయడానికి మేనేజరు ముగ్గురి పేర్లు కాగితం మీద రాసి ఇచ్చి వారమైంది. ఆమె ఇంకా ఎవరినీ పిలిచి మాట్లాడలేదు.